బాట్‌మన్ గెలిచాడా, గయుడు బతికాడా?

పోయిన ఎండాకాలం సెలవులకి మా మనవడు హైదరాబాదు నుంచి గోదావరిఖని వస్తూ ఓ పాత ఇంగ్లీషు బొమ్మల పుస్తకం వెంట తెచ్చుకున్నాడు. ఆబిడ్స్‌లో ఆదివారం నాడు మూసిన దుకాణాల ముందు పుస్తకాలు కుప్పలు పోసి అమ్ముతారు చూడండి, అక్కడ దొరికిందట. అట్ట మీద ఇద్దరున్నారు. ఒకడు బాట్‌మన్. గబ్బిలం చెవులు, నల్ల ముసుగు, భుజాల మీంచి జారే నల్లటి గుడ్డ. వీణ్ని నేనెరుగుదును. రెండోది మనిషి కాదు. తలనిండా జడలు, మొహం ఉండాల్సిన చోట పీత నోరు.

"ఇది ప్రెడేటర్ తాతా. ఆకాశంల నుంచి దిగి మనుషులను వేటాడ్తది. ఇద్దరికి కొట్లాట. ఎవరు గెలుస్తరో చెప్పు సూద్దాం" అన్నాడు.

నేను కళ్ళజోడు కోసం కూడా వెతుక్కోలేదు. "బాట్‌మన్ సావడు. ఆ భూతం సచ్చినా దాని సుట్టాలు సావరు. ఇంకో పుస్తకం వస్తది" అన్నాను.

వాడు గబగబా ఆఖరి పేజీలు తిరగేసి, నా వంక అనుమానంగా చూశాడు. తరవాత తన ఫోను తీసి వెతికాడు. ఆ కథ 1991లో మొదలై మూడు సంచికలుగా వచ్చింది. రాసినాయన డేవ్ గిబ్బన్స్. బొమ్మలు వేసినవాళ్ళు ఆండీ, ఆడం క్యూబర్ట్ అనే అన్నదమ్ములు. నేనన్నట్టే 1994లో రెండో యుద్ధం, 1997లో మూడో యుద్ధం మొదలయ్యాయి.

"నువ్వు ముందుగాల్నే సదివినవ్ గదా?"

"సదవలేదురా. కృష్ణార్జున యుద్ధం చూసిన. అది చూసినోనికి ఇసొంటి యుద్ధాలన్నీ తెలుస్తయి."

వాడు నమ్మలేదు. మీరూ నమ్మకపోవచ్చు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఆ ప్రెడేటర్ గురించి రెండు ముక్కలు. అది 1987లో వచ్చిన అమెరికా సినిమాలో పుట్టిన భూతం. ఎండలు మండిపోయే ఏడాది చూసుకుని మరీ వేటకు దిగుతుంది. దానికి మన రూపం కనిపించదు, ఒంటి వేడి కనిపిస్తుంది. ఈ మాట వినగానే నాకు నవ్వాగలేదు. అలాగైతే ఆ అమాయకపు ప్రాణి మే నెలలో మా రామగుండం రావాలి గదా! 45 డిగ్రీల ఎండలో మనిషికీ, గోడకీ, గోడ పక్కన కట్టేసిన బర్రెకీ వేడిలో తేడా ఏముంటుంది? ఎవణ్ని వేటాడాలో తెలియక స్టేషన్లో కూర్చుని మంచినీళ్ళు అడుక్కుంటుంది. పైగా ఆ సినిమాలో హీరో ఒంటినిండా బురద పూసుకుని దాని కంటపడకుండా తప్పించుకుంటాడు. రెండో షిఫ్టు దిగి బొగ్గుబాయి నుంచి పైకొచ్చే మనిషిని అది జన్మలో పట్టుకోలేదు.

సరే, కృష్ణార్జునుల సంగతికొద్దాం. కథ మీకు తెలిసిందే. గయుడనే గంధర్వుడు ఆకాశంలో పోతూ ఉమ్మిన తాంబూలం కింద అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో పడింది. వాడి తల తీస్తానని కృష్ణుడు ప్రతిజ్ఞ పట్టాడు. గయుడు ప్రాణభయంతో పరుగెత్తి, శత్రువు ఎవరో చెప్పకుండా అర్జునుడి దగ్గర అభయం పుచ్చుకున్నాడు. ఇద్దరూ మాట ఇచ్చేశారు, ఇద్దరూ మాట తప్పని వాళ్ళు. ఇద్దరూ బావా బావమరుదులు.

తమాషా ఏమిటంటే, ఈ కథ వ్యాసుడి భారతంలో ఎక్కడా లేదు. కృష్ణుడూ అర్జునుడూ కొట్టుకుంటే ఎట్లా ఉంటుందని మనవాళ్ళెవరికో బుద్ధి పుట్టింది. కొండవీటి దుర్గాన్ని పాలించిన నాదెండ్ల గోపమంత్రి 16వ శతాబ్దంలోనే దీన్ని ద్విపదలో రాశాడు. 19వ శతాబ్దం చివర చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు రాజమండ్రిలో కూర్చుని 'గయోపాఖ్యానం' నాటకం రాస్తే, ఆ పుస్తకం లక్ష ప్రతులకు పైగా అమ్ముడుపోయిందని ప్రతీతి. టంగుటూరి ప్రకాశం పంతులుగారు చిన్నతనంలో ఆ నాటకంలో వేషం కట్టారు. అటుపైన ఆంధ్రదేశంలో ఈ యుద్ధం జరగని తిరనాళ్ళు లేవు.

1963లో కె.వి.రెడ్డి గారు దీన్నే 'శ్రీకృష్ణార్జున యుద్ధం' అని సినిమా తీశారు. కృష్ణుడు రామారావు, అర్జునుడు నాగేశ్వరరావు. ఇప్పుడు చిక్కు రెట్టింపయింది. పురాణం ప్రకారం కృష్ణుడు ఓడగూడదు, అర్జునుడు ఓడగూడదు. హాలు వాడి ప్రకారం రామారావు ఓడగూడదు, నాగేశ్వరరావు ఓడగూడదు. ఓడితే కుర్చీలు మిగలవు. అందుకే అంత యుద్ధమూ జరిగి ఇక లోకాలు తగలబడిపోతాయన్న వేళకి శివుడు దిగివచ్చి ఇద్దర్నీ ఆపాడు. జనం రెండు వర్గాలుగా వచ్చి, తమవాడే గెలిచాడనుకుంటూ ఇంటికి పోయారు.

1975లో బాపు గారి 'శ్రీరామాంజనేయ యుద్ధం' కూడా ఇదే తూకం. తాండ్ర సుబ్రహ్మణ్యం గారి నాటకంగా అది అప్పటికే ఊరూరా ఆడింది. యయాతిని కాపాడతానని హనుమంతుడి మాట, చంపుతానని రాముడి మాట. రామనామం జపించేవాణ్ని రామబాణం ఏం చేయగలదు? ఇదీ వాల్మీకంలో లేదు. లేకపోతేనేం, ఉన్నవాటికంటే జనానికి ఇదే బాగా తెలుసు.

చూశారు గదా, ఇటువంటి కథకి కావలసిన సరంజామా. ఓడగూడని వాళ్ళిద్దరు. వాళ్ళ మధ్య పుల్ల పెట్టే నారదుడొకడు. ఆఖర్న ఆపడానికి శివుడొకడు. ఇక వీళ్ళ మధ్య నలిగే గయుడొకడు. ఈ ఐదో వాణ్ని గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాడు.

అమెరికాలో బొమ్మల పుస్తకాలకి రెండు పెద్ద ఇళ్ళున్నాయి. ఒకటి డీసీ, రెండోది మార్వెల్. మన లెక్కలో ద్వారక, ఇంద్రప్రస్థం అనుకోండి. సూపర్‌మన్, బాట్‌మన్ మొదటి ఇంటి పిల్లలు, స్పైడర్‌మన్ రెండో ఇంటివాడు. 1976లో ఈ రెండు కొంపలూ కలిసి రెండు డాలర్ల వెలకి ఓ పెద్ద సైజు పుస్తకం వేశాయి, సూపర్‌మన్‌కీ స్పైడర్‌మన్‌కీ యుద్ధమని. సూపర్‌మన్ కొండలెత్తేవాడు, స్పైడర్‌మన్ గోడలెక్కేవాడు. నిజంగా కొట్టుకుంటే ఒక దెబ్బకి సరి. అలా అయిపోతే రెండో ఇంటివాళ్ళు ఊరుకుంటారా? లూథర్ అనే దుర్మార్గుడు సూపర్‌మన్ వేషంలో వచ్చి ఆడవాళ్ళని మాయం చేస్తాడు. పనిలో పనిగా ఓ యంత్రంతో స్పైడర్‌మన్‌కి కాసేపు బలం కూడా అంటగడతాడు. ఇద్దరూ అపార్థంతో కొట్టుకుంటారు, బలం దిగిపోగానే విషయం తెలుసుకుంటారు, చేతులు కలిపి లూథర్ పని పడతారు. నారదుడు లేని దేశంలో ఆ ఉద్యోగం అపార్థం చేస్తుంది.

ఇది వీరుడికీ వీరుడికీ జరిగిన పోరు. సినిమా భూతాల సంగతి వేరే. 1933లో అమెరికాలో పుట్టిన కింగ్‌కాంగ్ అనే కోతినీ, 1954లో జపాన్‌లో ఇషిరో హోండా చేతిలో పుట్టిన గాడ్జిల్లానీ 1962లో తోహో కంపెనీవాళ్ళు ఒకే తెర మీద కలియబెట్టారు. గాడ్జిల్లా అంటే హైడ్రోజన్ బాంబు పరీక్షలు నిద్రలేపిన రాకాసి బల్లి. ఈ సినిమా మీద ఓ పుకారు ఏళ్ళ తరబడి ప్రపంచమంతా తిరిగింది. అమెరికాలో ఆడిన ప్రతిలో కింగ్‌కాంగ్ గెలిచిందనీ, జపాన్ ప్రతిలో గాడ్జిల్లా గెలిచిందనీ. నిజానికి రెండు చోట్లా ముగింపు ఒకటే. రెండూ సముద్రంలో పడతాయి, కింగ్‌కాంగ్ ఒక్కటే పైకి తేలి ఇంటిదారి పట్టి ఈదుకుంటూ పోతుంది. కాని పుకారు పుట్టించినవాడికి లోకజ్ఞానం ఉందని ఒప్పుకోవాలి. మన కృష్ణార్జునుల హాల్లో కూర్చున్నవాడై ఉండాలి!

వీరులూ సినిమా భూతమూ ఒక పుస్తకంలో చేరిన పెద్ద మేళం కూడా గాడ్జిల్లాదే. 1977 నుంచి 1979 దాకా మార్వెల్ వాళ్ళు తోహో దగ్గర గాడ్జిల్లాని బాడుగకి తెచ్చుకుని 24 సంచికలు నడిపారు. బాడుగ ఒక్క గాడ్జిల్లాకే. దాని తోటి భూతాలు ఒప్పందంలో లేవు గనక, వాటి బదులు సొంతంగా కొత్త భూతాల్ని కల్పించుకున్నారు. మధ్యలో ఓ శాస్త్రజ్ఞుడి మందుతో గాడ్జిల్లాని కుదించేస్తారు. పాపం అంత ప్రాణీ న్యూయార్కు మురిక్కాలవలో ఎలుకతో పోట్లాడుతుంది. చివరి సంచికలో అది మళ్ళీ పెద్దదై నగరం మధ్య నిలబడితే, అవెంజర్స్ అనే వీరుల దండు, మరో నలుగురు, మన స్పైడర్‌మన్ అందరూ వచ్చి కొడతారు. ఎవరి వల్లా కాదు. ఆఖరికి రాబ్ అనే పిల్లవాడు ఎదురుగా నిలబడి బతిమాలితే అది సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఆ పిల్లవాడు ఆ కథలోని ఓ శాస్త్రజ్ఞుడి మనవడు. ఈ వివరం విన్నాక మావాడు కాస్త నిటారుగా కూర్చున్నాడు.

బాడుగ గడువు తీరాక ఆ భూతాన్నే పేరెత్తకుండా, రూపం కాస్త మార్చి ఇంకో కథలో వాడుకున్నారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడకి కొట్టిన మేకులు కూడా పీక్కుపోయేవాళ్ళుంటారు, ఇది ఆ బాపతు.

ఆ తరవాత 1986లో ఆరిగన్ రాష్ట్రంలో మైక్ రిచర్డ్‌సన్ అనే ఆయన డార్క్‌హార్స్ అని ఓ చిన్న ప్రచురణ సంస్థ పెట్టాడు. పెద్దిళ్ళ దగ్గరున్నట్టు తన దగ్గర వీరులు లేరు. ఏం చేశాడు? సినిమావాళ్ళ భూతాల్ని బాడుగకి తీసుకున్నాడు. 1988లో ఏలియన్, మరుసటేడు ఏలియన్‌కీ ప్రెడేటర్‌కీ పోరు, 1991లో డీసీ వాళ్ళతో పొత్తు కలిపి బాట్‌మన్‌కీ ప్రెడేటర్‌కీ పోరు. 1995లో సూపర్‌మన్‌కీ ఏలియన్లకీ. ఈ చివరిది నాకు బాగా నచ్చింది. సూపర్‌మన్ బలమంతా సూర్యుడిది. ఆ కథలో అతన్ని సూర్యుడికి అందనంత దూరం పంపి, ఆ భూతాల మధ్య వదిలేస్తారు. ఎండ అందక రోజురోజుకీ మామూలు మనిషైపోతుంటాడు. మా బాయి మనుషులకి ఈ కష్టం వివరించక్కర్లేదు. ఎండ లేని చోట మామూలు మనిషిగానే రోజుకి ఎనిమిది గంటలు పనిచేసి, 25 కోట్ల ఏళ్ళకు పైబడిన ఎండని బొగ్గు రూపంలో పైకి తెచ్చినవాళ్ళు వాళ్ళు.

భూతాల మాటకొస్తే మా గోదావరి లోయకి ఏ జపానూ ఎరువివ్వక్కర్లేదు. మంచిర్యాల జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన ఎముకల్ని జియలాజికల్ సర్వేకి చెందిన పి.యాదగిరి గారు పరిశీలించి, 1988లో ఆ జంతువుకి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని నామకరణం చేశారు. సుమారు 30 అడుగుల పొడుగు. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా మ్యూజియంలో నిలబడి ఉంది. ఆకులు మేసే సాధుజంతువు కాబట్టి సినిమా ఛాన్సులు రాలేదు.

ఇంతకీ ఈ యుద్ధాల్లో గెలుపోటములు ఎవరు రాస్తారు? కథకుడు కాదు. ఒప్పంద పత్రం రాస్తుంది. బాట్‌మన్‌కి యజమాని ఉన్నాడు, ప్రెడేటర్‌కి యజమాని ఉన్నాడు. వస్తువు చెడకుండా వాపసు ఇవ్వాలి. బాడుగ సైకిలు తీసుకున్నవాడు దాన్ని లారీ కింద పెడతాడా? అలా పెట్టిన మొనగాడు ఒక్కడున్నాడు. 1998లో వైల్డ్‌క్యాట్స్ వీరులకీ ఏలియన్లకీ పోరు పెట్టిన పుస్తకంలో వారెన్ ఎల్లిస్ అనే రచయిత స్టార్మ్‌వాచ్ అనే వీరుల దండులో చాలామందిని ఆ భూతాల చేతిలో నిజంగానే చంపేశాడు. ఎట్లా సాధ్యమైంది? చచ్చినవాళ్ళు బాడుగవాళ్ళు కాదు, ఆ ఇంటివాళ్ళే. ఇంటి యజమాని సరేనన్నాడు. ఆ మరుసటేడే మిగిలినవాళ్ళతో కొత్త పత్రిక మొదలైంది.

ఇప్పుడైతే అదీ మారింది. డిస్నీ కంపెనీ 2009లో మార్వెల్‌ని కొంది, 2019లో ఏలియన్, ప్రెడేటర్ల పుట్టిల్లయిన ఫాక్స్‌ని కొంది. 2023లో ప్రెడేటర్‌కీ వుల్వరిన్‌కీ, 2024లో ఏలియన్లకీ అవెంజర్స్‌కీ పోరు అంటూ పుస్తకాలు వచ్చాయి. వీరుడూ భూతమూ ఒకే ఇంటివాళ్ళు. పరాయి సంబంధాల రోజులు పోయి మేనరికాలు వచ్చాయన్నమాట. ఆస్తి బయటికి పోదు.

యజమానుల గురించి చెప్పి, చేసినవాళ్ళ గురించి చెప్పకపోతే పాపం. సూపర్‌మన్‌ని పుట్టించినవాళ్ళు జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు. 1938లో మొదటి కథకి వాళ్ళకి ముట్టింది 130 డాలర్లు. దాంతోపాటే సర్వహక్కులూ రాసిచ్చేశారు. ఆ వీరుడి మీద కంపెనీ కోట్లు గడిస్తుంటే వీళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి, ముసలితనంలో ఇబ్బందులు పడ్డారు. పత్రికల్లో గొడవయ్యాక 1975లో ఏడాదికి 20,000 డాలర్ల చొప్పున పింఛనూ, పుస్తకం మీద మళ్ళీ వాళ్ళ పేర్లూ వచ్చాయి. ఇది చెప్పినప్పుడు మా పక్కింటి రిటైర్డు కోల్‌కట్టరు విని, "పింఛన్ల అరియర్సు కలిపిన్రా?" అని అడిగాడు.

మన కృష్ణుడికి ఆ బాధ లేదు. గోపమంత్రి రాసుకున్నాడు, చిలకమర్తి వారు రాసుకున్నారు, కె.వి.రెడ్డి తీసుకున్నాడు. ఎవరూ ఎవరికీ బాడుగ కట్టలేదు. అసలు మొదటి నుంచీ మన దగ్గర వీరులు ఒకరి కథలోకి ఒకరు పక్కింటికి పోయినట్టు పోతూనే ఉన్నారు. భారతం అరణ్యపర్వంలో సౌగంధికపుష్పం కోసం పోయే భీముడి దారికి అడ్డంగా తోక పరచుకు పడుకున్న ముసలికోతి ఎవరు? రామాయణం నుంచి వచ్చిన హనుమంతుడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది జాంబవంతుడి కథ. వీరుడూ, వేరే కథ నుంచి వచ్చిన భూతాకారుడూ, చీకటి గుహా. రాముడి సేనలోని భల్లూకరాజు యుగం మారినా బతికే ఉన్నాడు. శమంతకమణి తన బిడ్డకి ఆటవస్తువుగా ఇచ్చుకున్నాడు. మణి దొంగిలించాడన్న నింద మోస్తున్న కృష్ణుడు దాన్ని వెతుక్కుంటూ వచ్చి, వెంట వచ్చినవాళ్ళని గుహ బయట నిలిపి తానొక్కడే లోపలికి దిగాడు. ఇద్దరికీ 28 రోజుల పోరు. అక్కడా ఎవరూ ఓడలేదనుకోండి. ఇతడే ఆ రాముడని ముసలాయన గుర్తుపట్టి, మణితోపాటు పిల్లనిచ్చి పెళ్ళి చేశాడు.

కాని భాగవతంలో ఇంకో చిన్న మాట ఉంది. బయట నిలబడ్డవాళ్ళు 12 రోజులు ఎదురుచూసి, లోపలికి పోయినవాడు పైకి రాకపోయేసరికి ఏడుస్తూ ద్వారకకి తిరిగిపోయారని. పురాణ కాలక్షేపాల్లో ఈ మాట మీద ఎవరూ ఆగరు. నేను ఆగుతాను. నేను పనిచేసింది లాంప్‌రూంలో. బాయి దిగే ప్రతి మనిషికీ నంబరేసిన క్యాప్‌లైటు ఇస్తాం, పైకొచ్చాక తీసుకుని దాని జాగాలో పెడతాం. షిఫ్టు అయిపోయాక ఏ నంబరు జాగా ఖాళీగా ఉందో, ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడన్నమాట. 2003 జూన్ 16న గోదావరిఖని సెవెన్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. నేనప్పుడు వేరే బాయిలో ఉన్నాను. ఆ రాత్రి మా లాంప్‌రూంలో లైట్లన్నీ వాటి జాగాల్లోనే ఉన్నా రెండుసార్లు లెక్కపెట్టాను. పన్నెండు రోజుల లెక్క వ్యాసుడికి ఎందుకు కావాలో ఆ రోజు తెలిసింది.

ఇక మా కృష్ణార్జున యుద్ధం. 1978 దసరాకి మా కాలనీ మైదానంలో చిలకమర్తి వారి నాటకం వేశాం. కృష్ణుడు ఓ కోల్‌ఫిల్లరు. అర్జునుడు బాయిలో అతని మీద సర్దారు. పగలు ఈయన చెప్పింది ఆయన చేయాలి, రాత్రి స్టేజీ మీద ఇద్దరూ సమానం. మైదానంలో ఫిల్లర్లంతా ఓ పక్క, సర్దారు మనుషులంతా ఓ పక్క కూర్చున్నారు. శివుడికి మూడో కన్నుగా క్యాప్‌లైటు పెడితే బాగుంటుందని ఎవడో అన్నాడు గాని, లాంప్‌రూంవాడు ఇయ్యనన్నాడు. ఆ లాంప్‌రూంవాణ్ని నేనే. నాటకంలో నా పని పుస్తకం పట్టుకుని తెర చాటు నుంచి మాటలు అందించడం.

గయుడి వేషం ఓ ట్రామరుకి ఇచ్చాం. టబ్బులు తోసేవాడు, బక్కమనిషి. గంధర్వుడికి గొంతు బాగుండాలి గాని ఇతనికి గొంతు లేదు. ఎవరూ ఆ వేషానికి ముందుకు రాలేదు గనక ఇతనికి అంటగట్టాం. చివరి రంగంలో గయుడికి మాటలే లేవు, ఓ మూల డబ్బా మీద కూర్చుని వణకాలి, అంతే.

యుద్ధం మొదలైంది. పద్యానికి పద్యం. ఈ పక్క ఒన్స్‌మోర్, ఆ పక్క ఒన్స్‌మోర్. ఇంతలో రాత్రి షిఫ్టు సైరన్ మోగింది. హార్మోనిస్టు లేచి, పెట్టె మూసి, డ్యూటీకి వెళ్ళిపోయాడు. పద్యాలు శ్రుతి లేకుండానే సాగాయి. శివుడి ప్రవేశం వచ్చింది. నేను సైగ చేశాను. శివుడు రాలేదు. మొదటి షిఫ్టు చేసి, కడుపునిండా తిని, జటలు కట్టుకుని స్టేజీ వెనకాల చాప మీద వాలిన మనిషి గాఢనిద్రలో ఉన్నాడని తరవాత తెలిసింది. కృష్ణుడు మళ్ళీ పద్యం ఎత్తుకున్నాడు. అర్జునుడూ ఎత్తుకున్నాడు. మూడోసారీ అయింది. ఇద్దరికీ గొంతులు పోతున్నాయి. ఆపుదామంటే, ఎవడు ముందు ఆపితే వాడు ఓడినట్టు. మైదానంలో రెండు పక్కలా మనుషులు లేచి నిలబడ్డారు. నా చేతిలో పుస్తకం ఉంది, అందించడానికి అందులో మాట లేదు.

అప్పుడు మూల డబ్బా మీది గయుడు లేచాడు. వణకడం మానేసి నెమ్మదిగా వచ్చి ఇద్దరి మధ్య నిలబడ్డాడు. ఏ నాటకకర్తా రాయని మాట అన్నాడు.

"మీరిద్దరు పెద్దోళ్ళు. మాట తప్పరు, ఓడిపోరు. సచ్చేటోన్ని నేను. నన్నొక్కమాటన్న అడిగిన్రా?"

మైదానంలో చప్పుడు లేదు. ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచి ఎవరో "అవ్ మల్ల!" అన్నారు. ఆ వెంటనే లేచిన చప్పట్లకి శివుడు మేల్కొని, ఏం జరిగిందో తెలియకనే జటలు సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చి యుద్ధం ఆపించాడు. నిజానికి అప్పటికి ఆపడానికి యుద్ధం ఏమీ మిగల్లేదు. కృష్ణుడూ అర్జునుడూ ఇద్దరూ గయుడి భుజాల మీద చేతులేసి నిలబడి ఉన్నారు. మరుసటి రోజు పొద్దున లైటు తీసుకోవడానికి వచ్చిన ఆ ట్రామరుని వెనక వరసలో ఉన్నవాళ్ళు ముందుకు పంపారు. 212 నంబరు లైటు. రిటైరయ్యే దాకా బాయిలో అందరూ అతన్ని గయుడనే పిలిచారు.

ఇదంతా చెప్పేసరికి పొద్దుగూకింది. మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ఆ బాట్‌మన్ పుస్తకం తీసి ఈసారి ఆఖరి పేజీలు కాకుండా మొదటి పేజీలు తిరగేశాడు. కథ మొదట్లో ఓ బాక్సర్ పోటీ గెలుస్తాడు. అతణ్ని ప్రెడేటర్ చంపుతుంది. అక్కణ్నించే కథ నడుస్తుంది.

"తాతా, గీ బాక్సర్ పేరేముండె?" అన్నాడు.

"పుస్తకంలనే ఉంటది, సూడు" అన్నాను. కళ్ళజోడు తెచ్చుకుని నేను కూడా పక్కన కూర్చున్నాను.